పేరులేని గిద్దెడు బియ్యం

దేశంలోని ప్రతి ఇంటి వంటయంత్రాన్నీ ఇప్పుడు ఒకే ప్రమాణపత్రం నడిపిస్తోంది. దానిని రాసే సభ్యుల బృందంలో రత్నప్రభ పదకొండేళ్లుగా ఉంది. ఎవరైనా వస్తారేమోనని ప్రతి పూటా అదనంగా వండే గిద్దెడు బియ్యం ఆ పత్రంలో ఇన్నాళ్లు నిలిచింది ఆమె పట్టుదల వల్లనే.

ఆ ఉదయం నాలుగు గంటలపాటు సాగిన సమావేశంలో ‘భోజనం’ నిర్వచనం మీద వాదించి వాదించి ఆమె అలసిపోయింది. చిట్టచివర, ఆ గిద్దెడు బియ్యాన్ని తొలగించాలన్న ప్రతిపాదన వచ్చింది. అభ్యంతరం ఉంటే చెప్పమని అధ్యక్షుడు మూడుసార్లు అడిగాడు. ఆ బృందంలో మౌనమంటే అంగీకారమే. ఇంకెవరైనా అంటారులే అనుకుని ఆమె కళ్లు మూసుకుంది.

మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఆడపడుచు కనకవల్లి వచ్చింది. వంటయంత్రం ఆలుమగలిద్దరికే వండి, ఇకపై అదనపు బియ్యం లేదని తెర మీద చూపించి ఆగిపోయింది.

“మీరు కూర్చోండి వదినా, నేను తినేశాను.”

“నీ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది,” అని కనకవల్లి నవ్వింది. “ఇన్నేళ్లు మీటింగులని తిరిగావు. వచ్చిన మనిషి నోటి దగ్గర అన్నం తీసేసేముందు నిన్నొక మాటైనా అడగలేదటే?”

“అడిగారు వదినా,” అంది రత్నప్రభ, తన కంచం ఆమె ముందుకు జరుపుతూ. “మూడుసార్లు అడిగారు. నేనే పలకలేదు.”