ఊపిరి వెంట

“నొటేషన్ చదవడం రానివాడివి, జాజ్ ఎట్లా వాయిస్తావు దావీదూ? మద్రాసు హోటల్ బ్యాండుకి నిన్నెట్లా పంపేది?” అన్నాడు సంగీతం మాస్టారు జకరయ్య, దగ్గు ఆపుకుంటూ.

“ఒక్కసారి వినండి మాస్టారూ. బాగలేకుంటే గూడూరు చావుమేళంలోనే ఊదుకుంటా.”

దావీదు క్లారినెట్ అందుకున్నాడు. పాట నడుస్తూ తడబడింది, ఉన్నట్టుండి ఆగింది, మళ్ళీ ఎగబాకింది.

“అచ్చం జాజే! ఆ ఆగడం ఎక్కడ నేర్చినావురా?”

“నేర్చుకోలేదు మాస్టారూ. పోయేవాళ్ళ మంచం పక్కన కీర్తనలు వాయించమని నన్ను పిలుస్తారు గదా. వాళ్ళ ఊపిరి ఎట్లా పోతే పాట అట్లా పోనిస్తా.”

“మరి ఇప్పుడెవరి ఊపిరి వెంట పోయినావు?”

దావీదు క్లారినెట్ దించి మాస్టారి వైపు చూశాడు.

జకరయ్య రొమ్ములో పిల్లికూత వినిపించింది. అది తడబడి, పాట ఆగిన చోటే ఆగింది. మళ్ళీ ఎగబాకడానికి చాలాసేపు పట్టింది.