తాళం వేసిన గది

"తాళం పగలగొట్టేస్తాను, పక్కకి జరగమ్మా," అన్నాడు పాస్టరు, సుత్తి ఎత్తి.

"వద్దయ్యగారూ!" కిటికీ ఊచల వెనక నుంచి దర్జీ భార్య గాభరాగా అంది. మొగుడు రోజూ ఆమెను లోపల పెట్టి, తాళం వేసుకుని పనికి పోతాడు. "బయటికొచ్చి ఎక్కడికెళ్లను? చీకటి పడేలోగా వెతికి పట్టుకుంటాడు."

"మా చర్చి హాల్లో ఉండొచ్చు," అని పాస్టరు నసిగాడు. "కమిటీవాళ్లని ఓ మాట అడగాలనుకో."

పక్కనున్న సిస్టరుకు ఒళ్లు మండింది. చర్చిలు వేరైనా ఆ సందులో పేదలకు ఇద్దరూ కలిసే భోజనం పెడతారు. మఠంలో బయటివాళ్లను ఉంచకూడదన్న నియమం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నా గదిలో ఉందువుగాని. మదర్ తిడితే నేను పడతాను."

దర్జీ భార్య ఊచలు పట్టుకుని ముందుకు వంగింది.

"ఆ గదికి లోపల గడియ ఉందా సిస్టర్?"

"ఉంది."

"నేను వేసుకోవచ్చా? మీరు పిలిచినా, నాకు తియ్యాలనిపిస్తేనే తీస్తాను."

తలుపు తెరిస్తే చాలనుకుని వచ్చిన సిస్టరు కిటికీ దగ్గరికి జరిగింది.

"వేసుకో అమ్మా. నేను వరండాలో పడుకుంటాను."

దర్జీ భార్య వెనక్కి తిరిగి బట్టలు మూట కట్టుకోసాగింది.