పడని ఓటు

"పోలింగ్ పుస్తకంలో నీ సంతకం లేదు, వెర్లిన్."

మార్లిస్ గొంతు తగ్గించే అంది. అయినా కౌంటీ ఆఫీసు వరండాలో నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూశారు. ఆమె చేతిలో జెరాక్సు కాగితాలున్నాయి. టోలీ ఊళ్ళో ఎవరెవరు ఓటు వేశారో అందులో ఉంది. ఎవరికి వేశారో మాత్రం ఉండదు.

వెర్లిన్ టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"నిన్నే అడుగుతున్నా. ఊళ్ళో ముసలాళ్ళంతా కర్రలు పట్టుకుని వచ్చి వేశారు. నా మొగుడి పేరు పక్కన ఖాళీ! ఏమైంది?"

"మొక్కజొన్న కోత నడుస్తోంది కదా."

"ఆ రోజు నీ ట్రక్కు పోలింగ్ హాలు ముందు అరగంట ఆగి ఉందట. చూసినవాళ్ళే చెప్పారు."

"ఫోనొచ్చింది. కోత మిషను బెల్టు తెగిందని. వెళ్ళిపోయాను."

"అరగంట ఫోనా?"

వెర్లిన్ చూపు టోపీ మీదికి దించాడు.

స్కూలు బోర్డులో ఏడు కుర్చీలు. ముగ్గురు అటు, ముగ్గురు ఇటు. టోలీ బడి మూసేసి, పిల్లల్ని ముప్ఫై మైళ్ళ అవతల బ్రాక్టన్ పెద్దబడిలో కలపాలా వద్దా అన్నది ఏడో కుర్చీ తేల్చాలి. కలపాలన్న పట్టుదలతోనే మార్లిస్ ఆ కుర్చీకి పోటీ చేసింది. కూతురు టెస్‌కి పదహారేళ్ళు, పశువుల డాక్టర్ అవుతానంటుంది. టోలీ బడిలో కెమిస్ట్రీ టీచరు మానేసి రెండేళ్ళయింది. నలుగురు పిల్లలు గోడ మీది తెర వంక చూస్తూ పాఠం వింటారు. ఈ కుర్చీ దక్కకపోతే టెస్ మిగతా చదువూ ఆ తెర ముందే.

ఓట్లు లెక్కపెడితే మార్లిస్‌కి రెండువందల పదకొండు. బడి ఊళ్ళోనే ఉండాలనే ధాన్యం గోదాము మేనేజరు గేలెన్ రూట్‌కీ రెండువందల పదకొండే. మళ్ళీ లెక్కపెట్టినా అంతే.

ఒక్క ఓటు! ఆ ఒక్కటీ తన ఇంట్లోనే ఉండిపోయింది.

అదే ఆమెకి మింగుడుపడటం లేదు. ఆమె పేరున్న అట్టలు రోడ్డు పొడవునా పాతింది వెర్లినే. ఎవరో పీకి పారేస్తే రెండుసార్లు మళ్ళీ పాతాడు. కాఫీ హోటల్లో "బడి చంపేదాని మొగుడొచ్చాడ్రోయ్" అని వెక్కిరిస్తే నోరెత్తకుండా కాఫీ తాగి లేచొచ్చేవాడు. అంత చేసినవాడికి రెండు నిమిషాలు తీరలేదా?

తలుపు తెరుచుకుంది.

"పోటీ చేసినవాళ్ళిద్దరూ లోపలికి రండమ్మా," అంది గుమస్తా బెర్నీస్.

ఓట్లు సమానమైతే చీటీ వెయ్యమంటుంది చట్టం. ఆ కౌంటీలో తాతల నాటి నుంచీ పేకముక్కే. బల్ల మీద కొత్త పేకదస్తా. బెర్నీస్ అందరి ముందూ చుట్టు చింపింది, జోకర్లు తీసేసింది, ఏడుసార్లు కలిపింది, విసనకర్రలా పరిచింది.

"పెద్ద ముక్క గెలుస్తుంది. ఆసే అన్నిటికన్నా పెద్దది. అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత నా ప్రాణం తియ్యకండి."

"నువ్వు ముందు తియ్యమ్మాయ్," అన్నాడు గేలెన్.

"మీరే కానివ్వండి. మీకు అలవాటున్న ఆటేగా."

గేలెన్ నవ్వి ఒక ముక్క లాగాడు. ఇస్పేటు జాకీ.

మార్లిస్ బల్ల మీదికి వంగింది. అరచేతులు ప్యాంటు మీద తుడుచుకుని, చివరి ముక్క తీసి తిప్పింది.

కళావరు జాకీ.

గదంతా గొల్లున నవ్వింది. "ఈ ఊరికి ముక్కలు కూడా సగం సగమే!" అన్నారెవరో వెనకనుంచి.

బెర్నీస్ నవ్వలేదు. రెండు జాకీలూ తిరిగి కలిపి, మళ్ళీ ఏడుసార్లు పిసికి పరిచింది.

గేలెన్ ఈసారి తొందరపడలేదు. వేలు గాల్లోనే అటూ ఇటూ తిరిగి, మధ్యలో వాలింది. ఆఠీన్ పది.

"మరీ చిన్నదేం కాదు," అన్నాడు కుర్చీలో వెనక్కి వాలుతూ.

మార్లిస్ వెనక్కి తిరిగి చూసింది. వెర్లిన్ తలుపు దగ్గర గోడకి ఆనుకుని ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మొహం చూడగానే ఆమెకి ఒళ్ళు మండింది. ఆ కోపంతోనే చెయ్యి చాపి, చూడకుండా ఒకటి లాగి బల్ల మీద కొట్టింది.

డైమన్ రాణి.

బెర్నీస్ మార్లిస్ పేరు కాగితం మీద రాసుకుంది. తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరో కుర్చీ వెనక్కి తోసేసి బయటికి పోయారు. గేలెన్ లేచి చెయ్యి అందించాడు.

"పేకముక్కతో బడికి తాళం వేస్తున్నావు తల్లీ. గుర్తుంచుకో."

"నా కూతురికి టీచరొస్తుందండీ. అదే గుర్తుంచుకుంటా."

ఇద్దరూ వచ్చి ట్రక్కు ఎక్కారు. వెర్లిన్ తాళం తిప్పాడు గానీ బండి కదపలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"రాణి కాక రెండో మూడో వచ్చుంటే? టెస్ చదువు ఏమయ్యేది? ఆలోచించావా?"

"రోజూ ఆలోచించాను."

"ఏం ఆలోచించావు! ఆ రోజు లోపలికెళ్ళి నీ ఓటు నువ్వు వేసుంటే, ఈ పేకాట ఉండేదా?"

"ఉండేది కాదు," అన్నాడు వెర్లిన్, రోడ్డు వంకే చూస్తూ.

"మరి?"

"నువ్వు ఓడిపోయేదానివి."