చైను లేని బండి

“నన్ను సంపినా ఆ బండి ఎక్కను” అని జమ్రుద్‌బీ గడప మీద కూలబడింది.

చోటే సాబ్‌కి తల పట్టుకోవాలనిపించింది. ఎమ్మిగనూరు బడిలో పెట్టిన కంటి ఆపరేషన్ల క్యాంపు ఈ సాయంత్రంతో ఎత్తేస్తున్నారు. మళ్లీ ఎప్పుడొస్తారో ఆ డాక్టర్లకే తెలీదు. తల్లి కళ్లలో పొరలు ముదిరి, ఎదురుగా నిలబడ్డ కొడుకును గొంతుతో గుర్తుపడుతోంది. బస్సులో పోదామంటే శ్రావణమాసం. ఆదోని బస్సులన్నీ ఉరుకుంద ఈరన్న జాతరకు మళ్లించారు. మిగిలిన ఒకటీ అరా టాపు దాకా జనమే. ఇక దిక్కు వాకిట్లో ఉన్న ఈ పాత జర్మనీ మోటారుసైకిలు ఒక్కటే.

“ఏముందమ్మా దాంట్లో అంత బయపడేకి?”

“అందరి బండ్లకూ చైను ఉంటాదంట. దీనికి లేదంట. చైను లేకుండా ఎనక చక్రం ఎట్ల తిరుగుతాది బేటా? లోపల జిన్ను దయ్యముండి తిప్పుతాదంట. ఉచ్చీరమ్మ సెప్పింది.”

పక్కింటి ఉచ్చీరమ్మ గోడ మీదుగా తల పెట్టింది. “నేను సెప్పేదేముంది సాబూ, ఈదంతా అనుకుంటాండారు” అంది, ఆ వీధిలో ఏ మాటా తన నోటి నుంచి పుట్టనట్టు.

చోటే సాబ్ జిన్నింగు మిల్లులో ఫిట్టరు. కోపం వస్తే నోరు మూతపడి చేతులు ఆడే రకం. ఎటూ బండికి గ్రీజు పెట్టాల్సిన గడువు ఎప్పుడో దాటింది. బండిని స్టాండు మీద ఎత్తి, గోనెపట్ట పరిచి, వెనక చక్రం ఊడదీశాడు. చక్రం పక్కనుండే ఇనుప డబ్బాను షాఫ్టు కడ్డీ నుంచి లాగాడు. పాత నూనె వంచేసి, మూత విప్పి, లోపలంతా శుభ్రంగా తుడిచాడు.

“దా అమ్మా, జిన్ను యాడుందో నువ్వే ఎతుకు. చెయ్యి కడుక్కో ముందు. దీంట్లో ఇసక రవ్వ పడినా చక్రాల పండ్లు ఇరుగుతాయి.”

జమ్రుద్‌బీ గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. “తౌబా తౌబా” అనుకుంటూనే వేళ్లు లోపల పెట్టింది. చుట్టూ ఏటవాలు పండ్లున్న పెద్ద చక్రం తగిలింది. దాన్ని ఆనుకుని ఒక చిన్నది.

“ఇంజను ఆ పొడుగాటి కడ్డీని తిప్పుతాది. కడ్డీ ఈ చిన్నదాన్ని తిప్పుతాది. చిన్నది పెద్దదాన్ని, పెద్దది బండి చక్రాన్ని. సూడు” అంటూ చోటే సాబ్ చిన్నదాన్ని మెల్లగా తిప్పాడు.

ఆమె వేళ్ల కింద పెద్ద చక్రం కదిలింది. చటుక్కున చెయ్యి లాక్కుంది. మళ్లీ పెట్టింది.

“ఇది ఇట్ల తిరిగితే అది అట్ల తిరుగుతాండాది!”

“ఊఁ.”

“బలం మూల తిరిగి పోతాండాది రా! ఇంగోసారి తిప్పు.”

తిప్పాడు. ఇంకోసారన్నది, ఇంకోసారి తిప్పాడు. “నా నోట్లో పండ్లు ఎప్పుడన్నా ఇంత ఒద్దికగా కల్సినాయా!” అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. “మనిషేనా దీన్ని సేసింది?”

“మనిషేనమ్మా.”

“ఒక తల్లి కన్న బిడ్డేనా?” ఆమె చూపులేని కళ్లు తడయ్యాయి. “ఎంత ఓపిక ఇచ్చినాడు అల్లా వానికి!”

ఎన్ని యంత్రాలు విప్పాడో చోటే సాబ్‌కే లెక్కలేదు. అయినా ఆ మాట విన్నాక, ఇన్నాళ్లూ తాను దీన్ని తుడిచాడే గానీ చూడలేదనిపించింది. ఉచ్చీరమ్మ కూడా ఎప్పుడు వచ్చిందో పక్కన చేరి, “అబ్బబ్బ, ఎంత సక్కగుండాదో!” అని నోరు తెరుచుకుని చూస్తోంది. జిన్ను సంగతి ఎత్తితే ఒట్టు.

“గ్రీజు నేను పెడతా” అంది జమ్రుద్‌బీ. షాఫ్టు చివరి పండ్ల సందుల్లో బొటనవేలితో, చంటిబిడ్డ మాడుకు ఆముదం అద్దినంత మెత్తగా అద్దింది.

“నేను లోపలికి పోయి నూనె డబ్బా తెస్తా. దీంట్లో దుమ్ము పడకుండా సూస్కో.”

“నువ్వు పో. నేనుండా.”

అతను తిరిగి వచ్చేసరికి ఆమె కొంగు పరిచి ఇనుప డబ్బాను కప్పుకుని కూర్చుంది. పెదవులు ‘బిస్మిల్లా’ అని కదులుతున్నాయి. గాలి లేచేలా ఉంది. కొంగు తీసీ తీయగానే చోటే సాబ్ మూత వేసి బోల్టులు బిగించాడు. డబ్బాను షాఫ్టు మీదికి ఎక్కిస్తే ఒక పట్టాన పండ్లు కలవలేదు. “నువ్వు పట్టుకో, నేను తిప్పుతా” అని తల్లి అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పింది. డబ్బా టక్కున కూర్చుంది. ఇద్దరూ పసిపిల్లల్లా నవ్వుకున్నారు. నూనె పోసి, చక్రం ఎక్కించి, కిక్కు కొట్టాడు. బండి పలికింది.

ఎండ ఇంకా నడినెత్తిన ఉంది. క్యాంపు మూసేలోపు ఎమ్మిగనూరు చేరడం పెద్ద పనేం కాదు. జమ్రుద్‌బీ ఎవరూ పట్టుకోకుండానే వచ్చి, ఒక పక్కకు కూర్చుని, కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. ఉచ్చీరమ్మ గేటు బార్లా తెరిచింది.

“ఇప్పుడు బయం లేదు గదామ్మా?” అంటూ చోటే సాబ్ గేరు వేసి క్లచ్చు వదిలాడు.

“ఇంగేం బయం బేటా! అంత సక్కటిదానికి దిష్టి తగలకుండా, నా మెళ్లో ఎండి తాయెత్తు తీసి దాని కడుపులోనే ఏసినా గదా!”