గుడి పాసుకు ఫొటో

"తల ఎత్తవే," అంటూ మొగుడు ఆమె జుట్టు పట్టి మొహాన్ని కెమెరా వైపు తిప్పాడు.

వేల ఏళ్ల నాటి గుడి చూడటానికి నెల ముందుగా పాసులిచ్చే కౌంటరు అది. రాత్రి అతను గుద్దిన గుద్దుకు ఆమె ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది.

గుమాస్తా అమ్మాయి కెమెరా దించేసింది. "గుడికెళ్లే రోజు మొహం ఈ ఫొటోతో సరిపోవాలండీ. వాపు తగ్గాక తీసుకురండి."

"తీసెయ్ తల్లీ," నవ్వాడతను. "ఈవిడ నోరు నెల రోజులు ఊరుకుంటుందా? అప్పటికి ఇంకో గుద్దు తినే ఉంటుంది. సరిగ్గా సరిపోతుంది."

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

పొద్దున అతను ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. గుడికి తీసుకెళ్తానన్నాడు. ఆ మాట నమ్మే ఆమె తయారై వచ్చింది. ఆ ఏడుపు నిజమే కావచ్చు. కానీ వచ్చే నెల కొట్టబోయే దెబ్బ కూడా అతనికి ఇప్పుడే తెలుసు.

ఆమె స్టూలు మీంచి లేచింది. "నాకొద్దమ్మా. ఆయనొక్కరికే ఇవ్వు."

తలుపు వైపు తిరగగానే వీపు మీద పిడిగుద్దు పడింది. నుదురు వెళ్లి అద్దాల తలుపుకు కొట్టుకుంది. రెండోది పడేలోగా ఆమె తలుపు తోసింది.

"ఎక్కడికే?"

"మా అక్క ఇంటికి. మీరు గుడి చూసి రండి."