ఎదురు రాని మనిషి

“లోపలికి పో పుణ్యవతీ! విధవవి, ప్రయాణానికి ఎదురొస్తావా?” పెట్టె కింద పెట్టి అరిచారు బావగారు.

“మీ టిక్కెట్టు గురించి ఒక్క మాటండీ...”

“ముందు తప్పుకో!”

మా ఆయన పోయినప్పటి నుంచీ ఈ కూకట్‌పల్లి ఇంట్లో ఎవరు బయల్దేరినా నన్ను వంటింట్లోకి పంపి తలుపేస్తారు. కానీ బావగారికి లిబియా టిక్కెట్టు రాసింది నేనే. ఆబిడ్స్‌లో విమాన టిక్కెట్ల ఆఫీసులో నా ఉద్యోగం.

లిబియాకి నేరుగా విమానం లేదు, రోములో మారాలి. మంగళవారం కదలకూడదని పట్టుబట్టి సోమవారానికి మార్పించుకున్నారు. సోమవారం వెళితే రోములో ఒక రాత్రి ఊళ్లో ఆగాలి. అందుకు అక్కడి వీసా ఉండాలి, అది బావగారికి లేదు. లేకపోతే వెనక్కి పంపేస్తారు.

ఈ సంగతి కావాలనే దాచాను. తెల్లారేసరికి మనసొప్పక చెప్పేద్దామని వచ్చాను.

వంటింట్లోకి వెళ్లి, ఈసారి గడియ నేనే పెట్టుకున్నాను.

దోషం పోవడానికి బావగారు కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగారు. భార్యని ఎదురు రమ్మన్నారు. తర్వాత వంటింటి తలుపు దగ్గరికొచ్చారు.

“టిక్కెట్టు గురించి ఏదో అన్నావు?”

“ఏం లేదండీ బావగారూ. అక్కయ్య ఎదురొస్తోందిగా, బయల్దేరండి.”