ఆయనతో చెప్పాల్సిన మాట

"రెండూ కుడిచేతులే," అంది అక్క, చొక్కా ఎత్తి చూపిస్తూ.

చెల్లెలు మిషను ఆపి చూసింది. నిజమే. ఆ వీధిలో పేరున్న దర్జీ ఆమె. పని నేర్చుకునే పిల్లలు కూడా చెయ్యని తప్పు ఇది.

"అంతా బెంగే అక్కా. ఆయనతో ఇంకా చెప్పలేదు కదా. ఆ మాట గొంతులో పెట్టుకుని పని ఎలా సాగుతుంది?"

"అయితే చెప్పెయ్యి."

"ఒడ్డున కూర్చున్నదానివి, నువ్వు ఎన్నైనా చెబుతావు."

అక్క బ్లేడు తీసుకుని కుట్టు విప్పడం మొదలుపెట్టింది. చెల్లెలికి ఒళ్ళు మండింది. హెచ్‌ఐవి అని ఆస్పత్రిలో చెప్పిన రోజు తనకంటే ముందు బావురుమన్నది ఈవిడే. తోడుగా ఉంటానని పెట్టె సర్దుకుని వచ్చిందీ ఈవిడే. ఇప్పుడు చెల్లెలి కాపురం కూలేలా ఉంటే, తాపీగా దారాలు పీకుతోంది.

"ఈ జబ్బు ఒక్కోసారి మెదడు మీద కూడా పనిచేస్తుందని డాక్టరమ్మ అంది," అంది అక్క తల ఎత్తకుండా. "మాత్రలు మానకుండా వేసుకుంటే నెమ్మదిస్తుందట."

"నాకున్నది మతిమరుపు కాదక్కా, భయం. విన్నాక వదిలేసి పోతాడేమోనని."

"పోడు."

"నీకెలా తెలుసు?"

"మనిషిని చూస్తే తెలీదా?" అని అక్క దారాలు దులిపి లేచింది.

సాయంత్రం భర్త వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య ఉండి వచ్చేవాడు కాబట్టి ఇంట్లో తక్కువ మాట్లాడతాడు. అతను చెప్పులు విప్పుతుండగానే ఆమె మొదలుపెట్టింది. ఆగితే ధైర్యం జారిపోతుందని తెలుసు.

"మీతో ఒకటి చెప్పాలి. అంతా విన్నాక తిట్టండి. మధ్యలో మాత్రం లేచి వెళ్ళకండి."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

చెప్పింది. పోయిన మొదటి భర్త నుంచి వచ్చి ఉంటుందన్నారని చెప్పింది. ఈ పెళ్ళి నాటికి తనకేమీ తెలియదని ఒట్టు పెట్టుకుంది. మీరూ పరీక్ష చేయించుకోవాలి అనే చోట ఏడుపొచ్చి, పొద్దుట్నుంచీ వల్లించుకున్నదంతా కలగాపులగం అయిపోయింది.

అతను కళ్ళు తిప్పకుండా విన్నాడు. ఉలిక్కిపడలేదు, ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అది చూసి ఆమెకు ఇంకా భయం వేసింది.

"ఇందులో నీ తప్పేముంది?" అన్నాడు చివరికి. "పరీక్షదేముంది, చేయించుకుంటాను. నిన్నొదిలి ఎక్కడికి పోతాను?"

"కోపం రాలేదా?"

"లేదు."

"పోనీ, అసహ్యం?"

"పిచ్చిదానా," అని చెయ్యి పట్టుకున్నాడు. "ఇవాళ్టి మాత్ర వేసుకున్నావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను లేచి, మిషను కింద గుండీల డబ్బాలోంచి మాత్ర తీసి, మంచినీళ్ళతో పాటు అందించాడు. మింగింది. గుండెల మీది బండ ఎవరో దించినట్టయింది. ఇలాంటి మనిషిని ఇన్నాళ్ళూ అనుమానించినందుకు సిగ్గేసింది. ఆ మాటే అతనితో అనేసి, ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. వెళుతూ వెళుతూ చిన్నగా నవ్వింది కూడా.

ఆ నవ్వు చూసి వంటగదిలోంచి అక్క ఇవతలికి వచ్చింది.

"తేలికపడినట్టుంది," అంది గొంతు తగ్గించి. "ఏం చెప్పావయ్యా?"

అతను ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

"నిన్న తనకు చెప్పిందే మళ్ళీ చెప్పాను వదినా."